ఎవరూ ఏమీ నొక్కలేదు

వదిన పోయిందని అన్న పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. కిడ్నీలు చెడి చాలాకాలంగా మంచం మీదే ఉంది. ఊహించని కబురేమీ కాదు. 

ఆర్మూర్‌లో పసుపు మార్కెట్‌కు పోయే దారిలో వదిన ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. మీలో కొందరు మొదటిసారి మౌస్ పట్టింది అక్కడే అయి ఉండొచ్చు. ఆలూర్ నుంచి, పోచంపాడ్ నుంచి డిగ్రీ చదివే ఆడపిల్లలు వచ్చేవారు. మగపిల్లల చూపు పడకుండా వాళ్లకు గోడవైపు కంప్యూటర్లు ఇచ్చేది. ఎవరైనా భయపడితే, "తప్పు నొక్కితే ఏం గాదు బిడ్డా, మళ్ల కొడదాం" అనేది.

ఒక మధ్యాహ్నం ఒక పిల్ల పరీక్ష ఫలితాల కోసం ఏదో పేజీ తెరిచింది. అంతే, తెర నిండా బూతు బొమ్మలు. ఒకటి మూస్తే ఇంకొకటి. వదిన వైరు పీకేలోపు అందరూ చూశారు. పిల్ల ఏడుస్తూ వెళ్లిపోయింది. సాయంత్రం ఆమె తండ్రి వచ్చాడు.

"ఏమమ్మా, ఆడపిల్లలకు గివి చూపెడుతున్నవా?"

"నీ బిడ్డ ఏం నొక్కలేదన్నా. తప్పు బ్రౌజర్‌ది."

"మిషిన్ దానంతట అదే తెరుస్తదా? ఎవలకు చెప్తున్నవ్?"

నాకూ అర్థం కాక తర్వాత వదినను అడిగాను.

"మెమరీల ఒక అర్ర ఉన్నదనుకో తమ్మీ. అండ్ల కిరాయికున్నోడు ఖాళీ చేసి పోయిండు. బ్రౌజర్‌కు గా సంగతి తెల్వదు. గా ఖాళీ అర్రల దొంగ జొరబడి కూసున్నడు. పాతోడే అనుకొని వాడు చెప్పినట్ల చేస్తది."

పేజీ తెరిస్తే చాలట. బ్రౌజర్‌లోని ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ అప్పటికి రాలేదు.

ప్యాచ్ వచ్చిన రోజే వదిన అన్ని కంప్యూటర్లలో వేసింది. ఆ పిల్ల ఇంటికి నన్ను తోడు తీసుకెళ్లింది. తల్లి మంచినీళ్లిచ్చి, వదిన చెప్పిందంతా వింది.

"నీ మాట నిజమే కావచ్చు అక్కా. ఊరోళ్ల నోరు ఎట్ల మూస్తం? దాని చదువు బంద్ పెట్టినం. సంబంధాలు చూస్తున్నం."

పిల్ల లోపలే ఉంది. బయటికి రాలేదు. మిగతా ఆడపిల్లలూ రావడం మానేశారు. సెంటర్ మూతపడింది.

చివరిసారి చూడబోయినప్పుడు కూడా, "గా పిల్ల ఏం జేస్తున్నదో ఎరికేనా తమ్మీ?" అని అడిగింది. తెలవదు వదినా అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది.

పాడె మోసుకుపోతుంటే, దారి పక్కన ఒకామె ఉడికించిన పసుపు ఎండబోస్తోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడి, పసుపు అంటిన చేతులు కొంగు కింద దాచుకుంది. మేం మలుపు తిరిగాక, వెనక పసుపు కొమ్ములు పరుస్తున్న చప్పుడు మళ్లీ మొదలైంది.