ఓ నెగటివ్ కోసం వెతుకులాట

పాప నిద్రపోయింది. ఊపిరి ఆడుతోందో లేదోనని రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఇది రాస్తున్నాను.

నేను ఫ్యాక్టరీలో కంప్యూటరు విభాగంలో పనిచేస్తాను; ఉద్యోగులందరి వివరాలూ, బ్లడ్ గ్రూపులతో సహా, మా దగ్గరే ఉంటాయి. పోయిన నెల ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మా క్రేన్ డ్రైవరు భార్యకి కాన్పయింది, రక్తం ఆగడం లేదు, ఓ నెగటివ్ గ్రూపు రక్తం కావాలి. కాసేపటికే ఆ డ్రైవరు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

డాక్టరు చెప్పినవీ, మా ఆఫీసరు చెప్పినవీ షరతులన్నీ చెప్పిన వరసలోనే టైపు చేశాను. జబ్బులేవీ లేనివాడు, ఈమధ్య రక్తం ఇవ్వనివాడు, ఇప్పుడు డ్యూటీలో లేనివాడు, విశాఖలోనే ఉండేవాడు, చివరికి ఓ నెగటివ్. మా యంత్రం మనం రాసిన వరసే పట్టుకుంటుంది. మొదటి షరతు కోసం ఉద్యోగులందరినీ ఒక్కొక్కరినే తిరగేయసాగింది. తెర మీద ఆకుపచ్చ గీత కొట్టుకుంటూనే ఉంది.

"ఏటమ్మా, ఇంకా ఎంతసేపవుద్ది?"

"వెతుకుతోందండీ."

"నానే గేటుకాడ నిలబడి కేకేద్దును గదా. ఇది మా సూపర్వైజరు కంటే నిదానం."

నవ్వబోయి, నా కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. నా కాన్పు రోజున మావారూ ఇలాగే ఎక్కడో నిలబడి ఉండుంటారు.

వెతకడం ఆపేశాను. బ్లడ్ గ్రూపుల వారీగా ఒక సూచిక, అంటే ఏ గ్రూపులో ఎవరున్నారో చూపే పట్టిక, ముందే కట్టి ఉంది. ఆ షరతు మొదట పెడితే మిగిలేది గుప్పెడు మంది, మిగతావన్నీ వాళ్ళలోనే చూసుకోవచ్చు. వరస మార్చి మళ్ళీ అడిగాను. జవాబు వెంటనే వచ్చింది.

ఎవరూ లేరు.

ఆయనకి ఇంగ్లీషు రాదు. తెర వంక కాదు, నా మొహం వంకే చూస్తున్నాడు. నేను వెనక్కి తిరగకుండా, ఊరి షరతు తీసేసి మళ్ళీ కొట్టాను. ఒక పేరొచ్చింది. చిరునామా శ్రీకాకుళం వైపు పల్లె. అంత దూరం నుంచి ఎప్పుడొస్తాడు? అయినా పేరు చదివాను.

"ఈడా? ఈడు మా కంచరపాలెంలోనే, మా ఎనక ఈదిలో ఉంటన్నాడమ్మా. ఊరేటని అడిగితే మేం పుట్టినూరే రాయిత్తాం."

అంటూనే పరిగెత్తాడు. మా ఆఫీసరు జీపు ఇచ్చి పంపారు.

సాయంత్రానికి, అతని రక్తం ఎక్కించారనీ ఆమె కళ్ళు తెరిచిందనీ ఫోను వచ్చింది. అందరూ టీలు తాగారు. నేను మాత్రం నా వివరాలు తెరిచి చూసుకున్నాను. చిరునామా గడిలో మా అమ్మవాళ్ళ ఊరు ఉంది. మర్నాడు దాన్ని మార్పించాను. ఇంకే గడిలో ఏం తప్పు ఉందో తెలియదు.