పన్నెండు కశాభాల జీవి

ఆ రోజుల్లో నాకు ఆస్తి లేదు గాని వెన్నెముక ఉండేది. తాతగారి కోటలాంటి గడి కూలి, భూములు పోయి, సూరత్‌ నవాగామ్‌లో రెండు గదుల ఇంటికి చేరాక, ఎవరి ముందూ మెడ వంచకూడదన్న నియమం ఒక్కటే వారసత్వంగా మిగిలింది (సిటీ బస్సులో తల పైకప్పుకు తగిలేది, అయినా వంచలేదు). డిగ్రీ చివరి ఏడాది ఆ మెడ వృక్షశాస్త్ర ప్రయోగశాలలో చిక్కుకుంది.

నాచు దారాల్లోంచి ఈదుతూ బయటికొచ్చే గమన సిద్ధబీజాన్ని, కంటికి ఆనని ఆ ఒక్క కణాన్ని, బతికుండగా చూసి లోపలి భాగాలతో సహా గీయాలి. అవి ఉదయం కాసేపే ఈదుతాయి, తర్వాత ఎక్కడో అతుక్కుపోతాయి. రికార్డులో మా వృక్షశాస్త్రం మేడమ్ సంతకం లేకపోతే పరీక్షకు రానివ్వరు. నేను చూడబోయిన రోజే ఆ సంతకానికి ఆఖరి రోజు. వంగడం ఇష్టంలేక మైక్రోస్కోపు కింద లావుపాటి పుస్తకాలు పేర్చి, గడ్డం పైకెత్తి, అరమోడ్పు కన్నుతో చూశాను. పచ్చటి మసకలో పన్నెండు నల్లటి కశాభాలు, అంటే ఈత వెంట్రుకలు, ఠీవిగా ఊగుతున్నాయి. గీశాను. కేంద్రకం కనిపించకపోయినా పుస్తకంలోంచి తెచ్చి ప్రతిష్ఠించాను.

పుస్తకంలో నాలుగే ఉన్నాయి కదా అన్నారు మేడమ్ (ఆవిడ గుజరాతీ). మా వంశంలో అబద్ధం రాయరని హిందీలో గంభీరంగా చెప్పాను. అయితే మళ్లీ చూసి, కళ్లు ఆర్పమన్నారు. ఆర్పాను. పన్నెండూ ఒక్కసారిగా వాలి లేచాయి.

ప్రయోగశాలకు నాచు తెచ్చిపెట్టే అక్కది మా కరీంనగర్ వైపే. "నీ కనురెప్పల ఎంటికలకే ఈత నేర్పినవ్ దొరా," అంది మెల్లగా. "ఇంకో పావుగంటల గవి ఆగిపోతయ్. జర వంగు, ఎవ్వరు సూడరు."

ఆమె పుస్తకాలు తీసేసింది. వంగాను.

వెలుగు మడుగులో జామకాయ ఆకారపు పచ్చటి ప్రాణి. లోపల మడిచిన ఆకులా హరితరేణువు, ఒక పక్క ఎర్రటి చుక్క, ముందు కొసన ఉన్నాయో లేదో అన్నంత సన్నగా నాలుగు పోగులు. వణుకుతూ, తిరుగుతూ వెలుతురు వైపే పోతోంది. వీధిలోని మరమగ్గాల రొద నాకు ఎప్పుడు వినిపించడం మానిందో తెలియదు. దాని ఈత నెమ్మదించేదాకా నేనూ దానితోనే ఉన్నాను.

కొత్త బొమ్మలో కేంద్రకం చోటు ఖాళీగా వదిలి 'కనిపించలేదు' అని రాశాను. మా వంశంలో ఒకడు తనకు తెలియదని రాసివ్వడం అదే మొదలు. మేడమ్ ఆ మాట కిందే సంతకం పెట్టారు.

ఇప్పుడు ఆ పేజీ తీస్తే గీసినవన్నీ వదిలేసి ఆ ఖాళీనే చూస్తాను. అంత చిన్న చోటు వదలడానికి ఆ కుర్రాడికి ఎంత చెమట పట్టిందో తలచుకుని, కాస్త నవ్వుకుంటాను.