కోమలి జడ

కబడ్డీ టీమ్‌లో చేరిన రోజు నుంచీ గ్రౌండులో చెప్పులు విడవగానే కోమలి చేసే మొదటి పని జడ చుట్టుకోవడం. నడుము దాటి వేలాడే జడ అది. మూడు మడతలు వేసి, నల్ల రిబ్బనుతో బిగించి, కూతకు వెళ్లే ముందు మెడ వెనక ఒకసారి తడిమి చూసుకునేది. సొంతూరు ఐరాలలో వాళ్లమ్మ పోలేరమ్మ ఆటకు ఒప్పుకున్నది ఒకే షరతు మీద, జుట్టు మాత్రం కత్తిరించకూడదని. తిరుపతి హాస్టల్లో ఆదివారం తలంటుకుంటే అది ఆరేసరికి మధ్యాహ్నమయ్యేది. పోయిన ఏడు ఫైనల్లో, నడిగీత ఇంకా జానెడు దూరం ఉండగా, అవతలి టీమ్ పిల్ల ఆ జడే పట్టి వెనక్కి లాగింది. రెఫరీ చూడలేదు. కప్పు పోయింది.

ఈ ఏడు ఫైనల్ రోజు పొద్దున అందరూ వచ్చినా కోమలి రాలేదు. చివరికి తిరుమల బస్సు దిగి, గుండుకు చందనం పూసుకుని నడిచి వచ్చింది. టీమంతా చుట్టూ మూగింది.

"ఇదేందే? ఏం మొక్కినావు?" అంది కెప్టెన్ పల్లవి.

"మొక్కూ లేదు, ఏమీ లేదక్కా. ఈసారి యాడ పట్టుకుంటారో సూద్దామని."

"మీయమ్మకేం చెప్తావే?"

"దేవుడికిచ్చినానని చెప్తా. కొండమీద ఇచ్చినదాన్ని కత్తిరించినావని ఎవురంటారు?"

నవ్వుతూనే చెప్పులు విడిచి నడిగీత దగ్గరికి వెళ్లింది. కూత మొదలుపెట్టబోతూ అలవాటుగా మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చింది. చేతికి ఏమీ తగలకపోయేసరికి, అందరికన్నా ఎక్కువగా తనే ఉలిక్కిపడింది.