దిగుడు నేర్పిన మామ

మా మేనమామ పోయిన సోమవారం కన్నుమూశాడు. వనపర్తిలో గ్రౌండు నుంచి ఇంటికొచ్చి, చాయ్ తాగి, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడట. నాగర్‌కర్నూల్‌లో నేను పిల్లలతో కబడ్డీ గీతలు వేయిస్తుంటే అత్త ఫోన్ చేసి చెప్పింది. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మంచే రాస్తాను. కాకపోతే నా కడుపుమంట దాచిపెట్టి ఆయన గురించి రాయడం నాకు చేతకాదు.

ఆర్మీ నుంచి రిటైరై వచ్చాక, సైన్యంలో చేరడానికి భర్తీ ర్యాలీలకు పోయే కుర్రాళ్లకు పొద్దున్నే బీమ్ నేర్పేవాడు. బీమ్ అంటే కమ్మీకి వేలాడి, గడ్డం దాన్ని దాటేదాకా ఒంటిని పైకి లాగడం. పది చేస్తే పూర్తి మార్కులు. నేను నాలుగు దగ్గరే చతికిలపడేవాణ్ణి. మామ నన్నసలు పైకి లాగనిచ్చేవాడు కాదు. స్టూలు ఎక్కించి, గడ్డం కమ్మీ మీదికి తెప్పించి, అక్కణ్ణుంచి మెల్లగా దిగమనేవాడు.

"జల్ది ఏముందిరా? గుంజుడు తర్వాత. ముందుగాల దిగుడు నేర్చుకో. దిగేటప్పుడే బలమొస్తది" అనేవాడు. మధ్యలో చేతులు వదిలేస్తే తిట్టేవాడు కాదు. స్టూలు మళ్లీ జరిపి పెట్టేవాడు, అంతే. ఇప్పుడు నా స్కూల్లో పిల్లలకు నేనూ అలాగే నేర్పుతున్నాను.

నాతోపాటే అంజి నేర్చుకునేవాడు. అమ్మానాన్నలతో పుణెలో సిమెంటు మోసి వచ్చి, ఖిల్లా ఘణపూర్‌లో వాళ్ల ముసలమ్మ దగ్గర ఉండేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచే మామ వాణ్ణి "అల్లుడా" అనేవాడు. సొంత చెల్లెలి కొడుకును నేను! వాడి అరచేతులు బొబ్బలెక్కితే అత్త కొబ్బరినూనె రాసేది. నా బొబ్బలు ఎవరికీ కనబడలేదు. ఒకరోజు ఉండబట్టలేక మామనే అడిగేశాను.

"నీకు మామ ఉన్నడు. వానికెవరున్నరు చెప్పు?" అన్నాడు. ఆ జవాబు నాకు ఈ రోజుకీ మింగుడుపడలేదు.

రెండు నెలలకు నేను ఏడుకు వచ్చాను, వాడు తొమ్మిదికి. నా ఏడు నాకు ఆనలేదు. మామకు చెప్పకుండా మధ్యాహ్నాలు ఒక్కణ్ణే పోయి, కాళ్లు జాడించి ఊపుతో పైకి లాగడం మొదలుపెట్టాను. ర్యాలీ వారం ఉందనగా భుజం పట్టేసింది. వాడు ఆర్మీకి పోయాడు. నేను ఆటల సారునయ్యాను. మామ నన్నొక్క మాట అనలేదు. ఇంటికొచ్చి భుజానికి నువ్వుల నూనె మర్దన చేసి, "స్టూలు ఆడనే ఉంది. నొప్పి తగ్గినంక రా" అన్నాడు. నేనే పోలేదు.

అంజి వచ్చేదాకా శవాన్ని ఎత్తనివ్వలేదు అత్త. "వాడు రాకుంట ఎట్ల లేపుతం?" అంది. చావులో కూడా వీడి కోసమే కాచుకోవాలా అని ఎండలో నిలబడి పళ్లు కొరుక్కున్నాను. వాడొచ్చి మామ కాళ్ల మీద పడి గొల్లుమన్నాడు. నాకు చుక్క కన్నీరు రాలేదు. ఆ ఏడుపు మీద కూడా కుళ్లుకున్నాను.

మూడో రోజు పొద్దున, "గ్రౌండుకు పోయొద్దాం, దా అన్నా" అన్నాడు అంజి. అక్కడ ఎవరూ లేరు. చెప్పులు విడిచి కమ్మీ అందుకున్నాడు.

"జర లెక్కవెట్టే."

కింద నిలబడి లెక్కపెట్టాను. పదోసారి వాడి గడ్డం కమ్మీ దాటింది. చక్కగా దాటింది. నా నోట్లోంచి మళ్లీ "తొమ్మిది" అనే వచ్చింది.

వాడు పైనుంచి నావైపు చూశాడు. చేతులు పూర్తిగా సాగేదాకా దిగి, ఇంకోసారి పైకి లేచాడు.