తిరిగి పోసిన గుప్పెడు

నేను కాలువల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే గేజీ చూసి నీటిమట్టం రాయడం నా పని. ఇప్పుడు గేజీ లేదు గాని రాసే అలవాటు పోలేదు. ఎండ, వాన, వచ్చినవాళ్ళు, తిన్నది, అన్నీ డైరీలోకి ఎక్కుతాయి. ఈ నాలుగు మాటలూ రాయడానికి నిరుటి డైరీ తీసి ముందు పెట్టుకున్నాను.

ఇది మా బావగారి సంగతి. మా అక్కయ్య భర్త. గుంటూరు మిర్చి యార్డులో ఒక కొట్టు తరఫున ముప్పై ఎనిమిదేళ్ళు సరుకు చూసి కొన్న మనిషి. నేను సెలవుల్లో వెళ్ళినప్పుడల్లా ఆయన వెంట యార్డుకు పోయేవాణ్ణి. ఘాటుకు నేను తుమ్ముతూ ఉంటే, ఆయన మాత్రం పూలతోటలో తిరిగినట్టు బస్తాల మధ్య తిరిగేవారు. పైన కనిపించే కాయలు చూసేవారు కాదు. బస్తా పక్కన కోయించి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి గుప్పెడు మచ్చు తీసేవారు. ఒక కాయ విరిచి వాసన చూసేవారు. ఇంకోటి చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు వినేవారు. చప్పుడు సరిగా లేకపోతే కాయలో తేమ ఉన్నట్టే.

బేరం కుదరకపోతే ఆయన చేసే పని ఒకటుంది. ఆ గుప్పెడు కాయల్ని అదే బస్తాలో తిరిగి పోసి, అరచేతులు రెండూ బస్తా మీదే దులిపేవారు, అంటుకున్న గింజ కూడా అందులోనే పడేలాగ. అలా దులిపితే ఆ బేరం ముగిసిందని అర్థం. రైతు మళ్ళీ పిలవడు, ఈయన మళ్ళీ వెళ్ళరు. మచ్చు కాయలు సంచిలో వేసుకుపోయేవాళ్ళు యార్డులో లేకపోలేదు. వాళ్ళ ఇళ్ళల్లో కారం కొనే పనే ఉండేది కాదు. మా అక్కయ్య మాత్రం ఏటా రేటు పెట్టి కాయలు కొనుక్కునేది.

నిరుడు మిరప కోతలు సగంలో ఉండగా ఆయన దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"ఏమోయ్ బామ్మర్దీ, కళ్ళద్దాలు తెచ్చుకో. ఇంగ్లీషు చదివే పనుంది. మీ అక్కయ్యకు చెప్పమాక."

మరునాడు వినుకొండలో బస్సెక్కి గుంటూరు చేరాను. తలుపు తీసింది అక్కయ్యే.

"పిల్లలు బాగున్నారా అక్కయ్యా?" అన్నాను.

"ఇప్పుడే తిన్నానురా," అంది.

అప్పటికి రెండేళ్ళుగా ఆమెకు వినికిడి తగ్గుతూ వస్తోంది. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసింది. ఫోను మోగినా తెలియదు, తెలిసినా ఎత్తదు. చెవి మిషను పెట్టించమని డాక్టరు అప్పటికే రెండుసార్లు చెప్పాడట. ఇంకా ఆలస్యం చేస్తే మిషను పెట్టినా మాటలు విడివిడిగా పట్టుకోవడం కష్టమవుతుందని మూడోసారి కాస్త గట్టిగానే అన్నాడట. మిషను పెట్టడానికి రోజు కూడా ఖాయమైంది. నేను వెళ్ళిన రోజుకు దానికి ఇంకా పందొమ్మిది రోజులున్నాయి.

బావగారు నన్ను డాబా మీదకు తీసుకెళ్ళారు. ఫోను నా చేతిలో పెట్టారు. పేకముక్కలు, గిరగిర తిరిగే చక్రం, బంగారు నాణేలు, అన్నీ డబ్బు కట్టి ఆడే ఆటలు. ఎవరో యార్డు పాత స్నేహితుడు లింకు పంపాడట. కొన్ని నెలలు చిన్న మొత్తాలతోనే ఆడారు. అక్కయ్య పక్కనే మంచం మీద కూర్చుని ఉండగానే ఆడేవారు. గెలిచినప్పుడు ఫోనులో నాణేలు గలగలమనేవి, ఆమెకు వినపడేది కాదు.

"తరవాత ఒకరోజు ఆ సైటువాడు, ఎంత వేస్తే అంత బోనసు కలుపుతామన్నాడు. రెండు రోజుల్లో తీసేద్దామని మిషను డబ్బులు వేశానోయ్. ఇప్పుడు తీయబోతే రావట్లేదు," అన్నారు.

ఆయన కళ్ళు నా మొహం మీద లేవు, డాబా మీద అక్కయ్య ఆరబోసిన మిరపకాయల మీద ఉన్నాయి.

"బావా, మన రాష్ట్రంలో ఈ ఆటలే నిషేధం గదా?"

"కింద లైసెన్సు నంబరు ఉందిగా! నేను ముందు చూసింది అదే. బస్తా అడుగు చూసినట్టు పేజీ అడుగుదాకా పోయి చూశా."

నిజంగానే పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక లైసెన్సు నంబరు ఉంది. ఎక్కడో సముద్రం మధ్య ఉన్న ఒక దీవి ఇచ్చింది. యార్డులో ప్రతి కొట్టు బోర్డు మీదా లైసెన్సు నంబరు రాసి ఉంటుంది. తేడా వస్తే ఆ నంబరు పట్టుకుని యార్డు ఆఫీసుకు పోవచ్చు, మధ్యాహ్నానికల్లా కొట్టు యజమాని వచ్చి నిలబడతాడు. ముప్పై ఎనిమిదేళ్ళు అలా బతికిన మనిషి నంబరు కనపడగానే నమ్మాడు.

"ఆ దీవి లైసెన్సు ఇక్కడ పనికిరాదు బావా. మనం ఫిర్యాదు చేయాలంటే పడవెక్కి పోవాలి."

"నాకు ఈతే రాదు," అన్నారాయన. ఇద్దరం నవ్వాం గాని అది నవ్వే విషయం కాదు.

ఆ రోజంతా ఆ సైటు నిబంధనలు చదివాను. డైరీలో నాలుగు పేజీలయ్యాయి. తేలిందేమంటే, బోనసు తీసుకున్నవాడు ఆ బోనసుకు ముప్పై రెట్లు ఆట ఆడితే గాని తన సొమ్ము తను తీసుకోలేడు. అది చూసి నేను ఒక పని చేశాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. కాగితం మీద గళ్ళు గీశాను. రోజుకు ఎన్ని ఆటలు, ఎంత చిన్న పందెం, ఎన్ని రోజులు, పొద్దున ఎన్ని, సాయంత్రం ఎన్ని. పద్దెనిమిది రోజుల పట్టిక, ఒకరోజు ముందే పూర్తయ్యేలా. జూదానికి టైం టేబులు వేసినవాణ్ణి నేను. పద్ధతిగా చేస్తే ఏ పనైనా మంచిదే అవుతుందని జీవితమంతా అనుకున్నవాడికి ఇంతకన్నా ఏం తోస్తుంది?

ఆయన నా పట్టిక చూసి మడిచి నాకే ఇచ్చారు.

"అంటే, ఆపడానికి ఇంకా ఆడమంటావు."

"పద్ధతి ప్రకారం ఆడితే..."

"ఒరేయ్, నాకు ఆ సరుకు వద్దు. వద్దనుకున్నాక బస్తా దగ్గర ఇంకా పద్దెనిమిది రోజులు కూర్చుంటానా? వాడిచ్చిన బోనసు ఉందే, అది వాడి మచ్చు. ముందది వాడికి తిరిగి పోసేసి చేతులు దులుపుకోవాలి. తరవాతి సంగతి తరవాత."

"వాడి డబ్బు వాడికిచ్చేస్తే మీ డబ్బు మీకిస్తాడనా?"

"ఇస్తాడని కాదు. ఇవ్వకపోయినా ఇంకొకడి మచ్చు జేబులో పెట్టుకుని గేటు దాటను."

అంతటితో ఆగలేదు. కిందకు దిగుతూ, అక్కయ్యకు ఇప్పుడే చెప్పేస్తానన్నారు. డబ్బు సంగతి తేలేదాకా ఆగమన్నాను. ఒప్పుకోలేదు. పోనీ కాగితం మీద రాసి చూపించమన్నాను.

"తప్పు చేసింది నోరున్నవాడు, చెప్పేది కాగితమా?"

ఆమె వీధి అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని చెప్పారు. ఆమెకు అందలేదు. గొంతు పెంచారు. అప్పుడూ అందలేదు.

"జూదం ఆడానే! ఫోన్లో! నీ చెవి మిషను డబ్బులు పెట్టి!"

ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ ఆగిపోయింది. పాలు పోసే అతను బండి దిగి మరీ నిలబడ్డాడు. నేను తలుపు వెనక్కి జరిగాను. ఆయన మాత్రం అటూ ఇటూ చూడలేదు. ఆమె మొహంలోకే చూస్తున్నారు.

"అరవకండి, వినపడింది," అంది అక్కయ్య. ఇంకో రెండు కాయలు ఒలిచింది. "మొత్తమా?"

"తేలలేదు. తేలేదాకా నీకు తెలియకుండా ఉండకూడదని చెప్తున్నా."

"మీకింత నోరుండగా నాకు మిషనెందుకు," అని చిక్కుళ్ళ చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి డైరీలో 'చిక్కుడుకాయ కూర' అని మాత్రం రాసుకున్నాను.

మరునాడు పొద్దున్నే ఆ సైటులో మాట్లాడే పెట్టె తెరిచాం. అవతల ఎవరో ఆంగ్ల పేరు పెట్టుకున్న మనిషి, మనిషో యంత్రమో చెప్పలేను. ఆయన తెలుగులో చెప్పడం, నేను ఇంగ్లీషులో కొట్టడం.

"మీ బోనసు మీరు తీసేసుకోండి, మాకొద్దు, అని రాయి."

రాశాను. ఇంకా పెద్ద బోనసు కావాలా అని జవాబొచ్చింది.

"వీడెవడ్రా, వద్దంటే ఇంకో గుప్పెడు పోస్తున్నాడు! వద్దని రాయి."

రాశాను. ఉచితంగా ఇరవై ఆటలు ఇస్తామన్నారు.

"రైతు బిడ్డ అయ్యుంటే ఇన్నిసార్లు అడగడు. రాయి. మాకు సరుకు నచ్చలేదు, మచ్చు తిరిగి ఇచ్చేస్తున్నాం, ఇంక పిలవొద్దు, ఖాతా మూసేయండి."

సరుకు, మచ్చు అన్న మాటలకు ఇంగ్లీషు వెతుక్కుంటూ ఉన్నదున్నట్టే రాశాను. చివరికి రెండు వాక్యాలు వచ్చాయి. బోనసునూ దాని మీద గెలిచినదాన్నీ రద్దు చేశామని ఒకటి. మీరు వేసిన సొమ్ములో మిగిలినది ఇప్పుడు తీసుకోవచ్చని రెండోది.

నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. తర్వాత నా నాలుగు పేజీలు తిరగేశాను. బోనసు వదులుకున్నవాడికి ఆ ముప్పై రెట్ల షరతు వర్తించదని మూడో పేజీలో నేనే రాసుకున్నాను! రాసి, దాటిపోయాను. బోనసు చేతిలో పడ్డాక వదులుకునేవాడు ఉంటాడని నాకు తట్టనే లేదు.

సొమ్ము వెంటనే రాలేదు. ఆధార్ ఫొటో అడిగారు, కరెంటు బిల్లు అడిగారు. ఆరో రోజున బ్యాంకులో పడింది, అదీ మాకు ముక్కూమొహం తెలియని ఎవరి ఖాతా నుంచో. ఆయన పంపినప్పుడూ ఒక్కోసారి ఒక్కో పేరుకే పోయిందట. యార్డులో ఇలాంటివాణ్ణి గుమ్మం ఎక్కనివ్వరని గొణుక్కున్నారు. అందరికీ తిరిగి వస్తుందని నేను చెప్పను, మాకు వచ్చింది. అదైనా పూర్తిగా కాదు. ఆటలో పోయింది పోగా ముప్పాతిక వంతు.

మిగతా పావు వంతుకు ఆయన నన్ను అడగలేదు. ఇస్తానంటే, "నీ డైరీలో నా పేరు అప్పు కింద ఎక్కడానికి వీల్లేదు," అన్నారు. డెబ్బై నాలుగేళ్ళ వయసులో తువ్వాలు భుజాన వేసుకుని యార్డుకు వెళ్ళారు. సీజను కదా, సరుకు చూసే చెయ్యి కావాలని పాత కొట్టువాళ్ళే కుర్చీ వేశారట. పది రోజులు వెళ్ళి ఆ లోటు పూడ్చారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా, గొంతు బొంగురుగా ఉండేవి. ఆ పది రోజులూ అక్కయ్య ఆయన చేతులకు తనే నూనె రాసింది.

ఖాయమైన రోజునే మిషను పెట్టారు. నేనూ వెళ్ళాను. బయటకు రాగానే ఆటోల హారన్లకు అక్కయ్య ఉలిక్కిపడి, "ఊరు ఇంత గోల చేస్తోందా ఇన్నాళ్ళూ!" అంది. ఇంటికి వచ్చాక డాబా మీద ఆరబోసిన కాయల్లోంచి బావగారు ఒకటి తీసి ఆమె చెవి దగ్గర ఆడించారు. ఆమె కాసేపు విని, "ఆరింది. ఇంక ఎత్తేయొచ్చు," అంది. ఆయన నా వైపు గర్వంగా చూశారు, తనే నేర్పినట్టు.

ముగ్గురం గోనె పరిచి కాయలు ఎత్తుతున్నాం. గోడ మీద పెట్టిన ఫోను టింగుమంది. నాకు వినపడలేదు, ఆయనకూ వినపడలేదు.

"ఏమండీ, మీ ఫోను ఏదో మోగింది," అంది అక్కయ్య.

ఆయన తీసి చూసి నాకు అందించారు. తిరిగి రండి, మీ కోసం రెట్టింపు బోనసు సిద్ధంగా ఉంది అని ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పాను. ఆయన చేతిలో ఉన్న గుప్పెడు కాయలు గోనెలో పోసి, అరచేతులు రెండూ దాని మీదే దులిపి, మళ్ళీ వంగి కాయలు ఎత్తసాగారు. ఆ మెసేజీ నేనే తుడిచేశాను.