చెల్లని పెళ్ళికి పెళ్ళికూతురు

గడియారాలు బాగుచేసే ఆయనకు కోపం ముక్కుమీదే ఉంటుంది. కుర్రతనంలో, గుడి పాటల బృందంలో తనను వెనక వరసకు నెట్టారని అలిగి, బిషప్‌తో తెగతెంపులు చేసుకున్న ఒక ఫాదర్ వెంట వెళ్ళిపోయాడు. ఆ చీలిక గుడి ఒక పాత గోదాము. పెళ్ళీ అక్కడే చేసుకున్నాడు. మూడేళ్ళకు చీలిక చప్పబడి, అందరూ తలొంచుకుని పాత గుడికి తిరిగొచ్చారు.

ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత కొత్త ఫాదర్ పాత రిజిస్టర్లు తిరగేసి, దంపతులిద్దరినీ ఆఫీసు గదికి పిలిచారు.

"ఆ గోదాము గుడిలో ఇచ్చిన జ్ఞానస్నానాలు చెల్లుతాయి. పెళ్ళి చేయించడానికి మాత్రం బిషప్ అనుమతి కావాలి, అది అప్పటి ఆ ఫాదర్‌కు లేదు. అంచేత మీ పెళ్ళి..." ఫాదర్ నసిగారు.

"చెల్లదా?" అంది భార్య. ఆవిడ దర్జీ. ఆ గొంతులో దిగులుకు బదులు హుషారు వినిపించింది.

"కంగారు పడకండి. బిషప్‌గారు ఒక ఉత్తరమిస్తే మొదటిరోజు నుంచీ చెల్లినట్టే. గుడికి కూడా రానక్కర్లేదు. ఇద్దరికీ ఇంకా ఇష్టమేనని నేను రాయాలంతే."

"రాసేయండి ఫాదర్!" అన్నాడాయన.

"నన్నడిగారా? ఆలోచించుకోవాలి," అంది ఆవిడ.

ఆ రోజే ఆవిడ దిండు కుట్టుమిషను గదిలోకి చేరింది. చొక్కా గుండీ ఊడిందంటే, "పెళ్ళికానిదాన్ని, పరాయి మగాడి చొక్కా ముట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అంది. ఆయన వారం రోజులు కాలర్ పట్టుకుని తిరిగాడు. ఎనిమిదో రోజు దిగొచ్చాడు.

"నీకేం కావాలో చెప్పు తల్లీ."

ఆవిడ నవ్వలేదు. "గోదాములో అడుగుపెడితే పాత గుడిలో పూజప్పుడు సత్ప్రసాదం అందుకోనివ్వరని ఆ రోజు మా అమ్మ రోడ్డుమీదే నిలబడిపోయింది. మీ అలకకి నా పెళ్ళి చూసుకోలేకపోయింది. అది ఉత్తరంతో సరవుతుందా?"

పెళ్ళికి లోపలికి రాని అత్తగారిది పొగరని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నవాడు ఆయనే. సిగ్గుతో తల వాలిపోయింది. ఉత్తరం వద్దు, గుడిలోనే మళ్ళీ పెళ్ళి చేయమని ఫాదర్‌కు చెప్పి, ఆ రోజు తొంభై ఏళ్ళ అత్తగారిని స్వయంగా తీసుకొచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టాడు.

"ఇతణ్ణి నీ ఇష్టంతోనే చేసుకుంటున్నావా?" అని ఫాదర్ అడిగారు. ఆవిడ తాపీగా ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆయన చెయ్యి కాలర్ మీదికి పోయింది.

"ఇష్టమే," అంది చివరికి.

"గట్టిగా చెప్పవే!" ముందు బెంచీలోంచి ముసలమ్మ అరిచింది. "పోయినసారి రోడ్డుమీదికి వినపడలేదు."