ఎద్దులగుండు మీద కొత్త రంగు

బిచ్చయ్య చేతులు ఊరికే ఉండవు. ముప్పై ఏళ్లు అబిడ్స్ దుకాణాలకు బోర్డులు రాసిన చేతులవి. ఫ్లెక్సీలు వచ్చాక పని పడిపోయింది. అయినా నాంపల్లి గల్లీల్లో ఎక్కడైనా అక్షరం వెలిసిపోయి కనిపిస్తే చాలు, ఆయనకు అన్నం సహించదు. "జర కూసోరాదయ్యా! పొద్దుమాపు గా తిరుగుడేంది?" అని భార్య పద్మ మొత్తుకునేది.

మొన్న బోనాలకు పద్మ తల్లిగారి ఊరు వెళ్లారు. రెండో రోజుకే తోచక ఆయన ఊరి వెనక గుట్ట ఎక్కాడు. అక్కడ ఎద్దులగుండు అనే పెద్ద బండ కింద ఎర్రటి ఎద్దుల బొమ్మలు, సగం చెరిగిపోయి ఉన్నాయి. అబ్బ, ఎవరు గీశారో గానీ ఏం చెయ్యి! మూపురం ఒక్క గీతలో తేలింది. అంతటి పనితనం మాసిపోతుంటే చూస్తూ ఊరుకునే మనిషా ఆయన? సంచిలో ఎర్ర ఎనామెల్ డబ్బా ఉండనే ఉంది. పొద్దు వాలేసరికి ఎద్దులు నిగనిగలాడాయి. ప్రతి బోర్డు కిందా రాసినట్టే మూలన రాశాడు: బిచ్చయ్య ఆర్ట్స్, నాంపల్లి. ఫోన్ నంబరు కూడా.

మూడు వారాలకు ఫోన్ మోగింది.

"బిచ్చయ్య ఆర్ట్సేనా?"

"ఔ మేడమ్! బోర్డా, గోడా?" ఆయన ప్రాణం లేచొచ్చింది.

"గుండు," అంది అవతలి గొంతు.

ఆమె పేరు ఉజ్వల, కాలేజీలో చరిత్ర చెబుతుంది. మర్నాడే నాంపల్లి వచ్చింది. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. అవి వేల ఏళ్ల కిందటి మనుషులు వేసిన బొమ్మలని, వాటిని కాపాడమని రెండేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నానని చెప్పింది. బిచ్చయ్య టర్పెంటైన్ డబ్బా చంకన పెట్టుకుని లేచాడు.

"గిప్పుడే బస్సెక్కుదాం మేడమ్. మొత్తం తుడిచేస్త."

"వద్దండీ, ముట్టుకోకండి. మీ రంగుతో పాటు కింది రంగూ పోతుంది."

"మరేం జెయ్యాలె?"

"ఏమీ చేయొద్దు. ఈ పని తెలిసినవాళ్లు వచ్చి చూసేదాకా అలా ఉండనివ్వండి."

అదే ఆయన వల్ల కాలేదు. గదిలో అటూ ఇటూ తిరిగాడు. డబ్బా మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

"నా పేరన్న తుడుస్త మేడమ్. గీసినోడే పేరు రాసుకోలే. సిగ్గులేక నేను రాసుకున్న."

ఉజ్వల ఫోన్ తీసి గుండుకు రంగు పడకముందు తీసిన ఫోటో చూపించింది. బిచ్చయ్య తన పేరు రాసిన చోటే, కంటికి ఆనీ ఆనని ఎర్రటి అరచేతి ముద్ర ఉంది.

"అయ్యో! గాయన చెయ్యి మీద కాలు వెట్టిన గద మేడమ్!" అని బిచ్చయ్య బోరుమన్నాడు.